రెండు వందల పద్నాలుగో బత్తి

అడుగుతున్నవు గదా తమ్మీ,
ఆ పాట దేని మీదని.
దయ్యం మీద అంటరు కొందరు, ఆ ఒర్రుడు ఇని.
తాగుడు మీద అన్నడు బల్లార్‌షా స్టేషన్‌ల చాయ్ పోసే జాడి ఓదెలు.
మా చెల్లె ఇప్పటికీ ప్రేమ మీదనే అంటది.

నేను డ్రమ్ములు కొడత. అర్థం చెప్పుడు నా పని కాదు.
కానీ అందరు ఉరుమనుకునే ఆ మొదటి దెబ్బ
బత్తీఖాన కిటికీ చెక్క కిందికి వడ్డ చప్పుడు.

దుర్గం బానయ్య ఆ కిటికీ అవతల కూసునేటోడు.
బాయిల దిగెటోళ్ల కాడ ఇత్తడి బిళ్ళ తీసుకొని బత్తి ఇచ్చేటోడు,
పైకొచ్చినంక బత్తి తీసుకొని బిళ్ళ ఇచ్చేటోడు.
పొద్దును కిరాయికిస్తడని నవ్వేటోళ్లు.

ఆ శ్రావణం రాత్రి కరెంటు మూడుసార్లు పోయింది.
రెండు వందల పద్నాలుగో నంబరు సగమే నిండింది.
గోమాస లచ్చులు దాన్ని చెవి కాడ పెట్టుకొని ఊపి చూసిండు,
కొబ్బరికాయ లెక్క.
"చాల్తదా మామా?"
"చాల్తది, పో."

చాల్లేదు.
పాత గ్యాలరీల నీళ్లు నిండున్నయి.
చీకట్ల నీళ్లకు నేలకు ఫరక్ తెల్వది.
ఎంక్వైరీ మరాఠీల రాసిన్రు, ఇంగ్లీషుల రాసిన్రు,
ఎవరి తప్పూ లేదని రెండు భాషలల్ల తేలింది.
తెలుగుల బానయ్య ఒక్కడే రాసుకున్నడు, లోపట.

పదిహేడేండ్లు.
ప్రతి షిఫ్టుకు ముందు ఆ బత్తిని నిండ ఛార్జి వెట్టి
కొక్కేనికి తగిలించేటోడు. ఎవ్వలకియ్యకపోయేది.
రిటైరైన దినం శాలువ కప్పిన్రు, గోడ గడియారమిచ్చిన్రు.
సద్ది సంచిల బత్తి పెట్టుకొని ఇంటికి వోయిండు.
వారం దాటలేదు,
మూసేసిన బాయి మూతి కాడ దొరికిండు తెల్లారంగ.
నెత్తి మీద బత్తి ఇంక వెలుగుతనే ఉండె.

మా వినేశ్ దీన్ని పాట జేసిండు.
గిటారు తీగలు బాగ వదులు జేసినం, బాయంత లోతు రావాలని.
"చాల్తది పో" కాడ వాడు గొంతు చించుకుంటడు,
కింద పోరగాండ్లు చించుకుంటరు,
నా చేతులు నావి కాకుంట వోతయి.

గణపతి మండపం కాడ వాయించిన రాత్రి
లచ్చులు పెండ్లాం రాజుబాయి స్టేజి ఎనుక నిలవడ్డది.
తిడతదనుకున్నం.
"అట్ల ఒర్రకు బిడ్డా" అన్నది వినేశ్‌తోని.
"ఆయన టిఫిన్ మర్చిపోతే తెచ్చిన, నేనాడనే ఉన్న.
బానయ్య మెల్లగన్నడు.
పోరణ్ణి బడికి తోలినట్టన్నడు."
అని, చెప్పులు ఏడ విడిచిందో ఎతుక్కుంట వోయింది.

అప్పటి సంది వినేశ్ ఆ మాట పాడడు.
ఆడికొచ్చేసరికి గిటారు ఆపుతడు,
నేను కట్టెలు పైకెత్తి ఆగుత.

ఆ ఖాళీల జనమే ఒర్రుతరు తమ్మీ,
గట్టిగ, సంబరంగ, అందరొక్కసారి.
మెల్లగనుండ్రి అని
వాళ్లకెట్ల చెప్పాలె?