గుమ్మడి టేకు తుపాకులు

మా నాన్న పడవలు చేసేవాడు.
జూన్ వస్తే మాత్రం తుపాకులు.

ఇలోయిలోలో వానలూ కాలేజీలూ ఒక్కసారే మొదలవుతాయి.
మొదటేడు కుర్రాళ్లందరికీ ఆదివారం డ్రిల్లు,
డ్రిల్లుకి తుపాకీ.
నిజంది ఇవ్వడానికి సర్కారుకి చేతులు రావు గనక
కొయ్యది ఎవరికి వారే తెచ్చుకోవాలి.
గుమ్మడి టేకు, మూడున్నర అడుగులు,
నల్ల రంగు, నార పట్టీ. నూట ఇరవై పేసోలు.

చెవిమీద పెన్సిలు పెట్టుకుని
నాన్న ట్రిగ్గరు దగ్గర గంటసేపు గరుకు కాగితం రుద్దేవాడు.
"కదలని దానికి ఎందుకంత నునుపు?" అంటే
"వేలు పెట్టేది పిల్లలు కదరా, పేడు గుచ్చుకుంటుంది" అనేవాడు.

ఆ డబ్బే నా ఫీజు.
ఈ మాట మైదానంలో ఎవరికీ చెప్పలేదు.

మా కమాండరు రోడెల్ సుమగైసై,
మాకంటే రెండేళ్లు పెద్ద, లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు.
ఆదివారం పొద్దున ఆరింటికి మాత్రం
తప్పులన్నీ మావే.
బూటుకి బురద తప్పు. బురద లేకపోవడం తప్పు.
నవ్వడం సరేసరి.
తుపాకీ చేజారితే ఎత్తి, ముద్దు పెట్టుకుని
"క్షమించు, ఇంకెప్పుడూ వదలను" అని వందసార్లు అనాలి.

అన్నాను.
మా నాన్న చెక్కిన కొయ్యతో,
ఆయన చేతి జిగురు వాసన ముక్కుకి తగులుతుండగా,
ఆయనకి ఏనాడూ చెప్పని మాట
వందసార్లు.
ఎనభై దాటాక ఏడుపొచ్చింది.
అలసట అనుకున్నారు.

రెనాంటే అని ఒకడుండేవాడు, చేపల శాస్త్రం చదివేవాడు.
బురదలో పాకమంటే పాకుతూనే
ఎదురొచ్చిన పీతకల్లా పూర్తి పేరు పెట్టి సెల్యూట్ కొట్టేవాడు.
వాణ్ని ఒక సాయంత్రం సామాన్ల గదికి పిలిచారు.
మర్నాడు కూర్చోలేక నిలబడి పరీక్ష రాశాడు.
ఏమైందిరా అంటే, మెట్లమీద జారానన్నాడు.
మాది ఒక్కంతస్తు కాలేజీ.
మెట్లు మూడు.

నేనేం చేశాను? ఏమీ చెయ్యలేదు.
కాదు, ఒకటి చేశాను:
వాడి తుపాకీకి తెగిన పట్టీ
డబ్బులు తీసుకోకుండా వేసిచ్చాను.

ఆ తర్వాతెప్పుడో
మనీలాలో ఒక కేడెట్ నదిలో తేలాడని రేడియో చెప్పింది.
చట్టం మారింది.
షెడ్డులో నలభై తుపాకులు మిగిలాయి.
అమ్మ కొన్ని పొయ్యిలో పెట్టింది.
రెండు నెలలు అన్నానికి టర్పెంటైన్ రుచి.
ఒకటి మేకకి గుంజయింది.
మిగిలినవి అక్టోబరు వరదకి చిక్కాయి.
పడవలు చేసే చేతి పని కదా, ఒక్కటీ మునగలేదు.
భుజం భుజం రాసుకుంటూ,
మైదానంలో మేమెన్నడూ నడవనంత తిన్నగా
గిమారాస్ వైపు వెళ్లిపోయాయి.
నాన్న మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి చూశాడు.
ఆయన దేన్ని లెక్కపెడుతున్నాడో అడగలేదు.

ఇప్పుడు మళ్లీ తెస్తారట.
ఈసారి ఆడపిల్లలకి కూడా.
టీవీలో ఒకాయన క్రమశిక్షణ, క్రమశిక్షణ అని పదకొండుసార్లు అన్నాడు.
వందకి ఇంకా చాలా దూరం.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా.
దాన్ని మోసుకుంటూ ఇంటికెళితే షెడ్డులో దీపం.
ఎనభై ఒకటో ఏట నాన్న
రంపానికి పదును పెడుతూ ఈల వేస్తున్నాడు.
అందరూ ఫైబరు పడవలకి మళ్లాక
ఆ ఈల వినడం ఇదే.

నా కూతురు జెల్లిన్
పచ్చిమామిడి ముక్క రొయ్యల ఉప్పుముద్దలో అద్దుకుంటూ
గుమ్మంలో నిలబడి ఉంది.
నాన్న దాని చెయ్యి కొలుస్తున్నాడు,
భుజం దగ్గర్నుంచి వేలి కొసదాకా.

"కదలకు" అన్నాడు, ముద్దుగా.
నోట్లో ముక్క అలాగే పెట్టుకుని
అది కదల్లేదు.