పిల్లి చేప

శుక్రవారం రేటు పెరుగుతుంది,
అందుకే గురువారం పొద్దున్నే
గ్రిమ్స్‌బీ బజారు తలుపులు తీస్తుండగానే వెళతాను.
చేతిసంచీ, చిల్లర పర్సు, మాట వినని మోకాలు.

ఐసు మీద వరసగా పడుకోబెట్టాడు.
హ్యాడాక్, భుజమ్మీద నల్లటి బొటనవేలి ముద్ర,
ఎవరో అప్పుపత్రం మీద వేయించుకున్నట్టు.
కిలో పంతొమ్మిది పౌన్లు.
కాడ్, చీటీ మీద ఏదో దూరపు సముద్రం పేరు.
ధర చూసి కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను,
అంతే ఉంది.
తొట్టి చివర, మూలన,
కురవబోయే ఆకాశం రంగులో
కోలీ.
ఎనిమిదిన్నర.

"అది మీకెందుకు మిసెస్ ఓడ్లింగ్,
పిల్లిని గాని తెచ్చుకున్నారా?"
కెల్విన్ కుర్రాడు. వాళ్ళ తాతైతే అడిగేవాడు కాదు.
వేలితో నొక్కాను. గుంట పడి, లేచింది.
ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సముద్రం తప్ప మరో వాసన లేదు.
"ఎక్కడిది?"
"పైన, షెట్లాండ్ వైపు. ఈ ఏడు దీనికి లోటు లేదంటున్నారు."
అంటున్నారనే మాట మీద ఎన్ని పడవలు కట్టారో,
ఎన్ని తుక్కుకి అమ్మారో నాకు తెలుసు.
సరే, ఇవాల్టికి నమ్ముతాను.
చవక కోసమా, సముద్రం కోసమా అంటే
రెండూ ఒకే పర్సులో ఉన్నాయి నాయనా,
విడదీసి చూపించలేను.

ఇరవై ఆరేళ్ళు వలలు అల్లాను.
వంటింటి తలుపు కొక్కేనికి తాడు కట్టి,
ఒక కాలితో ఉయ్యాల ఊపుతూ,
కన్ను పక్కన కన్ను, కన్ను పక్కన కన్ను.
కంటికి కొలత ఒక చెక్కముక్క.
ఒక ఏడు దాన్ని తీసుకుపోయి
సన్నది ఇచ్చి వెళ్ళారు.
ఎందుకని అడగలేదు.
సన్న కంటికి కూలి ఒక పెన్నీ ఎక్కువ.
ఆ పెన్నీలన్నీ కూడి మావాడి బూట్లయ్యాయి.
నా వేళ్ళ సందుల్లోంచి
జారిపోవలసిన చేపపిల్లలు
జారిపోలేదు.
ఆ లెక్క నన్నెవరూ అడగలేదు.
హ్యాడాక్ మీద ధర చీటీ చూసినప్పుడు మాత్రం
ఎవరో అడిగినట్టే ఉంటుంది.

రాత్రంతా ఐసు మీద ఉంచాను.
మధ్యాహ్నం ఉప్పు జల్లితే నీరు వదిలింది,
పాత తువ్వాలుతో అద్దాను.
పిండిలో చల్లటి బీరు,
వేలు ముంచి తీస్తే గోరు కనబడనంత చిక్కన.
డ్రిప్పింగ్ కాగాక ఒక చుక్క వదిలాను.
మునిగి, కాస్త ఆలోచించుకుని, పైకొచ్చింది.
ముక్కలు దిగాయి, వంటిల్లంతా వాన చప్పుడు.

మా ఆడపడుచు ఎనిడ్‌ది హ్యాడాక్ మతం.
మామగారు పడవ నడిపినవాడు.
ఆ ఇంట్లో కోలీ పెరటి గుమ్మం దాటలేదు,
అటునుంచటే పిల్లి పళ్ళెంలోకి.
నేనేం చెప్పలేదు. వెనిగర్ సీసా ఆమె వైపు జరిపి
బఠాణీలు వడ్డించాను.

పెళుసు విరిగింది.
ఆ బూడిద రంగు ఎటు పోయిందో,
లోపల ఉతికిన గలేబులా తెలుపు,
పొర మీద పొర.
ఒక ముక్క అయింది. మాట్లాడలేదు.
రెండోది సగం తిని ఫోర్కు కింద పెట్టింది.
"హ్యాడాక్ ఇంత తియ్యగా ఉండదు, థెల్మా."
నేను బఠాణీల గిన్నెలోకి చూస్తున్నాను.
గోడ గడియారం ఒకటే మోత.

"అందుకేనేమో
మా పిల్లి పంతొమ్మిదేళ్ళు బతికింది,"
అని పళ్ళెం ముందుకు జరిపింది.

ఇంకో ముక్క పిండిలో ముంచాను.