అర మిల్లీమీటరు

కాట్పాడి రోడ్డులో దొరైకన్ను లేతు.
షట్టరు ఎప్పుడూ సగమే ఎత్తి ఉంటాది.
వంగి లోపలికి పోవాల.
కొత్తోళ్ళకి నెత్తికి తగలతాది.
అదే ఆయన పలకరింపు.

నా ఆరెక్స్ హండ్రెడ్ హెడ్డు
తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకోని
షేర్ ఆటోలో పోయినా.
"ఒక మిల్లీమీటరు తీసెయ్‌న్నా."
ఆయన హెడ్డు తిరగేసి
గిన్నెలో మసిని బొటనవేలితో తుడిచి
"యాడ కొట్టిస్తావు పెట్రోలు?" అన్నాడు.
"మురకంబట్టు బంకులో."
"అది తొంభై ఒకటి.
దాని ఓర్పు అంతే."

అర మిల్లీమీటరే తీసినాడు.
చక్కు తిరగతా ఉంటే
కిరసనాయిలు వాసనలో
అల్యూమినియం సుళ్ళు సుళ్ళుగా రాలి
ఆయన చెప్పుల మీద పడింది.
బిగించినాక
ప్లగ్గు బెజ్జంలోంచి టంకం తీగ దూర్చి
ఒక్క కిక్కు తన్నమన్నాడు.
నలిగిన కొసని గేజీలో పెట్టి, ఒక కన్ను మూసి
"చాలు."

చాలు అనే మాట
ఇరవై మూడేళ్ళోడికి యాడ వినపడతాది?

మొగిలి ఘాట్లో మూడో గేరు దిగకుండా ఎక్కింది బండి.
మామిడికాయల లారీలు
నన్ను చూసి పక్కకి జరిగినాయి.
జరగలేదు.
నాకట్లా అనిపించింది.

పల్ప్ ఫ్యాక్టరీలో బాయిలరు చూసేటోణ్ణి,
ఒత్తిడి సంగతి నాకే చెప్తాడా?
ఆ రాత్రి అల్మారా అద్దం ఊడబెరికి
దాని మీద ఎమెరీ కాయితం పరిచి
నీళ్ళు చల్లి
హెడ్డుని ఎనిమిది అంకె మాదిరి రుద్దినా.
రుద్దతానే ఉండా.
మా అమ్మ లేచి చూసి
"ఏ సామికిరా ఈ గంధం?" అని
మళ్ళా పడుకునింది.

వారం రాత్రుల గంధం.

మే నెల. మిట్టమధ్యాన్నం.
వెనకాల మా బావ మునిరత్నం,
మా ఇద్దరి నడుమ ఇరవై కిలోల తోతాపురి.
ఎగువలో నాలుగో గేరులోనే లాగినా.
అప్పుడు మొదులైంది,
ఇత్తడి చెంబులో శనగలు పోసి
ఎవరో ఆడించినట్టు.
"చైను లూజేమో" అన్నాడు మునిరత్నం.
చైను కాదని నాకు తెలుసు.
ప్లగ్గు అంటించిన మంట తన దాకా రాకముందే
మూలల్లో నలిగిన పెట్రోలు
తనంతట తానే భగ్గుమంటా ఉండాది.
తెలిసీ
ఇంకొంచెం తిప్పినా.

మూడో మలుపులో నిట్టూర్చి ఊరకుండిపోయింది ఇంజను.
లోయలో నెమలి అరిచింది.
బావ సంచి దించి
ఒక కాయ తీసి కొరుక్కుంటా కూచున్నాడు.

విప్పితే
పిస్టను అంచు ఎలకలు కొరికిన రొట్టె.
నెత్తిన చీమ దూరేంత బొక్క.

దొరైకన్ను తిట్టలేదు.
ఆ పిస్టను తీసుకోని
బిల్లుబుక్కు మీద బరువుకి పెట్టుకున్నాడు.
"మీ బాయిలరుకి సేఫ్టీ వాల్వు ఉంటాది గదా?"
నేను నేల చూసినా.
"దీనికి నువ్వే.
తీసేది వచ్చు నా లేతుకి.
తిరిగి అతికించేది రాదబ్బా."

అటక మీంచి రాగి రేకు దించి
ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినాడు.
సుయ్యిమని మెత్తబడింది.
కత్తెరతో గుండ్రంగా కోసి
నాలుగు బోల్టులకి నాలుగు బెజ్జాలు కొట్టి
హెడ్డు కింద పెట్టమని చేతికిచ్చినాడు.
"అద్దం మీద పోగొట్టుకున్నావే,
దానికి ఇది అప్పు."

ఇప్పుడు ఘాట్లో రెండో మలుపుకే
మూడో గేరుకి దించతా.
సీజన్లో
వరసగా మూడో షిఫ్టుకీ నిలబడమని
సూపర్వైజరు భుజం మీద చెయ్యేస్తే
చెవిలో శనగలు కదలతాయి, సన్నగా.

అద్దం మళ్ళా అల్మారాకి బిగించినా.
కాయితం అంచుల్లోంచి జారిన ముద్ద
దాని నిండా గీతలు పెట్టేసింది.
మా అమ్మ పొద్దున్నే దాని ముందర నిలబడి
ఎనిమిదుల మధ్యలో
బొట్టుకి చోటు వెతుక్కుంటాది.