గోటి లెక్క

ఔలులో ఫిబ్రవరి.
అపార్ట్‌మెంట్ అడుగున, ఆవిరిస్నానాల గది పక్కన
తడి చెక్క వాసనేసే చిన్న గదిలో
గురువారం గురువారం మేం నలుగురం
లేని లోకాన్ని ఒకదాన్ని నడుపుతాం.
నడిపేది నేను. అంటే
కొండలకు ఎత్తూ, తోడేళ్ళకు ఆకలీ
నా చేతిరాత.

కెర్టు పగలు పళ్ళు కడుతుంది.
ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు
ఆవిడ చెక్కిన పళ్ళతోనే రై రొట్టె కొరుకుతారు.
రాత్రికి హర్మో అవుతుంది,
ఏడు మెట్లెక్కిన మాంత్రికురాలు,
నిప్పునీ పొగమంచునీ పేరుపెట్టి పిలవగలది.

పోయిన నెల గుహలో
పాచిక అడిగింది కదా అని
ఒక మౌనం పడేశాను.
ఇరవై అడుగుల మేర చప్పుడు చచ్చిపోయింది.
మంత్రానికి మాట కావాలి.
హర్మో నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.
నాలుగడుగుల అవతల
ఓన్ని ఆడే కుర్ర విలుకాణ్ణి
తోడేలు తాపీగా తినేసింది.
ఓన్నికి పదిహేనేళ్ళు.
"పర్లేదు, కొత్తవాణ్ణి చేసుకుంటా" అన్నాడు.
ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

ఇవాళ కెర్టు ఒక కాగితం తెచ్చింది.
పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్ళీ రాసి
ఒకచోట పలచబడి అవతలి దీపం కనిపిస్తోంది.
ఎనిమిదో మెట్టు మంత్రవిద్యలో కాదట,
మృగవిద్యలో. తొమ్మిదోదీ అంతే.
రెండు చేతులకూ గోళ్ళు. ఒక కాటు.

వెయిక్కో పన్నుల ఆఫీసు మనిషి,
నిబంధనల పుస్తకం కంఠతా వచ్చు.
"రెంటికీ చెడ్డ రేవడివవుతావు.
ఉరుముల మంత్రం ఇక ఏడాది దాకా అందదు.
గోటిదెబ్బ ఎంత? ఆరు ముఖాల పాచిక, ఒక్కటి.
నీ బలం ఎనిమిది, అందులోంచి ఇంకోటి కోత.
గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు, సరే,
గొడ్డలికి తెగనిదాని మీదికి గోరుతో పోతావా?"

లెక్కలో తప్పు లేదు.
కెర్టు తలూపింది, ఒప్పుకున్నట్టే.
"మంత్రం అరువు సొమ్ము" అంది.
"గాలి మాట మొయ్యాలి. చెయ్యి ఖాళీగా ఉండాలి.
సంచీలో గబ్బిలం రెట్ట నిండుకోకూడదు.
ఇవైతే నావి."
వేళ్ళు బల్ల మీద పరిచింది.
చర్మం దాకా కత్తిరించిన గోళ్ళు,
అంచుల్లో తెల్లటి అచ్చుసున్నం.

మనిషికి పళ్ళు రెండుసార్లొస్తాయి.
మూడోసారి కావాలంటే కెర్టు దగ్గరికెళ్ళాలి.
అలాంటి మనిషి తనకో జత కోరలు అడిగితే
కాదనడానికి నేనెవర్ని?
సంతకం పెట్టాను. కాగితానికి నా జున్ను వేళ్ళు అంటాయి.

చెప్పకూడదు గానీ
ఆ మౌనాన్ని నేను కావాలనే మళ్ళీ దాచి ఉంచాను.
అదే గుహ. అదే తోడేలు.
ఓన్ని కొత్తవాడు వంటవాడు, చేతిలో గరిటె.
మౌనం పడింది.
ఆటలో పడితే బల్ల దగ్గరా ఎవరూ మాట్లాడరు, అది మా కట్టుబాటు.
పక్క గదిలో ఎవరో కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోశారు,
చుయ్యిమంది.
కెర్టు వేళ్ళు ముడిచి చూపించింది.
వేసింది. తగిలింది.
దెబ్బకు ఇంకో పాచిక. మూడు.
ఎనిమిది బలం కోత పోగా రెండు.
తోడేలుకు ముప్పైనాలుగుండేవి.
కాటు వేస్తే గాలి కరిచింది.

రెండే.
కానీ తోడేలు గరిటెను వదిలి ఇటు తిరిగింది.
హర్మో భుజం పట్టుకుంది, పదకొండు పోయాయి.
కెర్టు పంటిబిగువున చెరుపుకుంది.
వెయిక్కో ఏదో అనబోయి
తనూ ఆ ఇరవై అడుగుల్లోనే ఉన్నానని గుర్తొచ్చి
నోరు మూసుకున్నాడు,
తన ఇనుప యోధుణ్ణి
వేలితో ఒక గడి ముందుకు తోశాడు.

తొమ్మిదింటికి గది వేరేవాళ్ళది.
తువ్వాళ్ళు భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డారు.
తోడేలు చావలేదు. మేమూ చావలేదు.
కోట్లు వేసుకుంటుంటే చూశాను:
ఓన్ని ఆ ఆరు ముఖాల పాచికను
పైన మూడు చుక్కలు కదలకుండా
గుడ్డును ఎత్తినట్టు ఎత్తి
కెర్టు అరచేతిలో పెట్టాడు.