ఆదివారం గుండిగ

సంగడిగుంటలో మస్తాన్‌బీ రేకుల షెడ్డు కింద
ఆదివారం అందరికీ ఒకటే పొయ్యి.
తలా గ్లాసుడు బియ్యం తెస్తాం,
తేలేనివాళ్లు చేతులు తెస్తారు.

ముగ్గురు మనవళ్లను సాకే దీవెనమ్మ,
తమ్ముడి కూతుర్ని తెచ్చుకున్న లారీ క్లీనరు బాజీ,
అక్క పిల్లలిద్దరితో నేను.
బడి కాగితంలో 'తల్లి పేరు, సంతకం' దగ్గర
ఎప్పుడో ఒకప్పుడు పెన్ను ఆగిపోయినవాళ్లమే.

మా బుడ్డోడు ఏడాదిగా చేపల పులుసు ముట్టడు.
"అమ్మ చేసినట్టు లేదు."
అంతే, కంచం జరిపేస్తాడు.
అక్క ఎట్లా చేసేదో నాకేం తెలుసు?
వచ్చి తినిపోయేదాన్ని.

ఇవాళ దీవెనమ్మ గరిటె ఆపింది.
"యార్డులో ఆరేళ్లు మీ అక్కా నేనూ
ఒకే గోనె మీద కూర్చుని మిరప తొడిమలు తీశామే.
దాని క్యారేజీలో సగం నాదే.
దించేముందు వేయించిన మెంతులు నలిపేది,
అడుగున పుల్లమామిడి ముక్క దాచేది."

బాజీ సైకిలేసుకుని
మామిడికాయ కోసం కొత్తపేట దాకా పోయాడు.
అన్నం చల్లారింది. ఎవరూ వడ్డించమనలేదు.

వాడు తిన్నాడు.
వేళ్లు నాకి, నా వైపు చూడకుండా
"ఉప్పు తక్కువైంది పిన్నీ."

అక్కనీ అట్లాగే సాధించేవాడు.

గుండిగ తోమే వంతు నాది.
కాసేపట్లో తోముతాలే.