స్తంభం కింద

సోంపేట ఆసుపత్రిలో రోజు విడిచి రోజు
నాలుగు గంటలు.
అమ్మ రక్తం గొట్టాల్లోంచి బయటికెళ్లి
ఒళ్లు కడుక్కుని తిరిగొస్తుంది.
అంతసేపూ నేను చదవాలి.
నాన్న ఉపదేశిగా ఉన్నప్పటి పునీతుల చరిత్ర.
అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు,
అందుకే మా ఇంట్లో పునీతులందరూ
పన్నెండో పేజీ నుంచే పుడతారు.

మొన్న లారెన్సు. ఇనప చట్రం మీద కాలుస్తుంటే
"ఇటు కాలింది, అటు తిప్పండి" అన్నాడట.
సూదికి చోటు దొరక్క నర్సు తడుముతోంది అప్పుడే.
"ఇటేపైపోనాది, అటు సూడమ్మా" అంది అమ్మ,
వార్డంతా నవ్వింది.

ఈవేళ సిమియోను.
సిరియా దేశం, రాతి స్తంభం,
దాని మీద ముప్పై ఏడేళ్లు.
కిటికీలోంచి, తిత్లీకి తల తెగిన కొబ్బరి మొద్దొకటి కనిపిస్తోంది.
దాని మీద ఒక మనిషిని నిలబెట్టి చూశాను.
కాకి వాలడానికే చాలదు.

"మరి బువ్వెవులెట్టినారే?"
కళ్లు తెరవకుండానే అడిగింది.
శిష్యులు నిచ్చెన వేసుకుని ఎక్కేవారట.
"ఆల్ల పేర్లేటి?"
వెతికాను. లేవు.
"ఎక్కినోడి పేరు రాసినారు,
నిచ్చెనట్టుకున్నోడి పేరు రాయనేదు."

నాన్న రోజుకి నలభై చెట్లెక్కేవాడు.
కాళ్లకి తాడు బంధం, నడుముకి కత్తి.
పైకెళ్లాక కిందికి చూసేవాడు కాదు,
కళ్లు తిరుగుతాయని.
అమ్మ కాయలేరుతూ, మధ్యమధ్య మెడ పైకెత్తి
పొద్దుపోయేదాకా అక్కడే.
ఆ మెడనొప్పి ఇంకా పోలేదు.
నాన్న పోయాడు. చెట్టు మీంచి పడి కాదు,
ఈ మిషను మా ఉద్దానానికి రాకముందు,
విశాఖపట్నం వెళ్లే బస్సులో,
టెక్కలి దాటాక.

తర్వాతి పేరా గొంతు తగ్గించి చదివాను.
ఎన్నో ఏళ్లకి కన్నతల్లి వచ్చిందట కొడుకుని చూడ్డానికి.
ఆ ఆవరణలోకి ఆడవాళ్లు రాకూడదు.
పైనుంచి కబురు: ఓర్చుకో,
పరలోకంలో కలుసుకుందాం.
ఆమె గుమ్మం దగ్గరే పడుకుంది.
లేవలేదు.
పేరు మార్త.

ఊళ్లో అందరికీ దాలమ్మే గానీ
గుడి పుస్తకంలో, ఈ మంచానికి కట్టిన చీటీలో
మా అమ్మ పేరూ అదే.
పేజీ తిప్పబోయి ఆగాను.

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.
మిషను తన పని తాను చేసుకుంటోంది.
పక్క మంచం బారువ ఆయన గురక.
"పునీతుడే, కాదన్ను," అంది చివరికి,
"గానీ ఒక్క మెట్టు దిగితే
ఆ తంబం ఇరిగిపోద్దేటి?"

నర్సు వచ్చి సూది తీసి దూది అదిమింది.
పుస్తకం మూయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది,
పేజీ కొస మడత పెట్టించింది.
"ఎల్లుండి ఇక్కణ్నుంచే సదువు.
ఆయమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది గదా."