డీజిల్ ఖాతా

తాడిపత్రి దాటినాక
తుమ్మచెట్లకు కూడా రాతిపొడి పట్టే చోట
క్వారీ గుమాస్తాను నేను.
రేకుల గది, ఒక ఫ్యాను, రెండు పుస్తకాలు.
ఒకదాంట్లో డీజిల్ లీటర్లు,
ఇంకోదాంట్లో తొలిచిన అడుగులు.

జనవరిలో
అరవై లీటర్లకు రెండు వందల నలభై అడుగులు.
మార్చిలో అదే అరవైకి రెండు వందల పది.
ఏప్రిల్ సగానికి నూట ఎనభై.
రాయి అదే. బిట్లు కొత్తవి. మనుషులు వాళ్ళే.

ఓబుళరెడ్డి సారు పుస్తకం తిరగేసి
అంకె మీద వేలు పెట్టినాడు.
"మద్దిలేటి అమ్ముకుంటాండాడు."

మద్దిలేటి కంప్రెసర్ నడిపే మనిషి.
పదకొండేళ్ళుగా
పాత టైరు మీద కూర్చుని
సంగటి, ఊరిమిండి తినేటప్పుడు కూడా
ఒక చెవి మిషను మీదే.
వాని కూలిలో వారానికి మూడు వందలు కోత రాయమన్నాడు సారు.
రాసినా.
నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెప్పను.
బాగానే పట్టింది.

మర్నాడు నీళ్ళ డ్రమ్ము దగ్గర
భుజం రుద్దుకుంటూ హుసేనప్ప అన్నాడు:
"గాలి పల్చగైందక్కా.
ముందు జాక్‌హామరు తానే దిగేది రాతిలోకి.
ఇప్పుడు నేను మీద పడి దింపాల."

పోయి చూస్తే
ఏడు మీద ఉండాల్సిన ముల్లు
ఐదున్నర కాడ వణుకుతోంది.
పక్క గేజీలో వేడి నూట ఎనిమిది.

మద్దిలేటి నన్ను చూడలేదు.
మిషను ఆపి, ఆవిరి పోయేదాకా బీడీ కాల్చి,
అడుగున మర తిప్పి
నా చేతిలోని కాగితం మీద ఒక చుక్క వేసినాడు.
పాత డబ్బాలోది కొంచెం
మందు సీసాలో దాచిపెట్టుకున్నాడంట,
దాన్నుంచి ఇంకో చుక్క.

రెండోది తేనె మరకలా మెల్లగా పరుచుకుంది.
మొదటిది కదల్లేదు.
నల్లగా, తారులాగా, పడిన చోటే కూర్చుంది.

"లోపల రెండు స్క్రూలక్కా.
ఒకదానికి నాలుగు పళ్ళు, ఒకదానికి ఆరు.
ఒకదాంట్లో ఒకటి తిరుగుతాయి గానీ ముట్టుకోవు.
నడుమ వెంట్రుకంత సందు.
ఆ సందుకు తలుపు ఆయిలే.
కాలేదాకా తిరిగితే ఆ వేడిని మోసుకుపోయేదీ అదే.
తలుపు సచ్చిపోతే
నొక్కిన గాలి మళ్ళా ఎనక్కి జారుకుంటది.
నొక్కిందాన్నే నొక్కాల, నొక్కిందాన్నే నొక్కాల.
నీ డీజిల్ పోయేది ఆడికి."

చిక్కటిది పోస్తే మేలు కదా అన్నాను.
నవ్వినాడు, నవ్వు లాంటిది.
"గట్టి సంగటి కెలికినట్టుంటది.
కెలికేదానికే సగం బలం పోతాది.
దానికి తగ్గదే పోయాల."

పదకొండేళ్ళలో నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపినా
అన్ని కావు.

గదికొచ్చి డిసెంబరు పేజీ తీసినా.
కంప్రెసర్ ఆయిలు, పేరు లేని డబ్బాలు మూడు,
ధర సారు చెప్పింది.
పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలు:
ఆదా రూ. 4,200.
కింద రెండు గీతలు కూడా గీసినా, స్కేలు పెట్టి.

ఆ పేజీ, ఆ కాగితం
సారు టేబులు మీద పక్కపక్కన పెట్టినా.
ఏమీ అనలేదు, నేనూ అనలేదు.
ఫ్యాను తిరిగింది.

మూడో రోజు మంచి ఆయిలు వచ్చింది,
దాంతో పాటు ఫిల్టరు, సెపరేటరు.
పాతది దించితే
వంకాయ తొక్క మాడిన వాసన.
ఆ వారం రెండు వందల ముప్పై రెండు అడుగులు.
హుసేనప్ప భుజం మాత్రం
ఇంకా అమృతాంజనం వాసనే వస్తాది.

సారు అంకె చూసి "ఊఁ" అన్నాడు.
కోత ఆగింది.
కోసింది ఏ ఖాతాలో తిరిగి రాయాలంటే
"సూద్దాంలే" అన్నాడు.

ఆ రెండు చుక్కల కాగితం
మరిచిపోయి పుస్తకంలోనే పెట్టినట్టున్నాను.
మొన్న తెరిస్తే
మంచి ఆయిలు ఎదురు పేజీలోకి ఇంకి
మద్దిలేటి పేరున్న వరుస దాకా పోయింది.
అక్కడ కాగితం అద్దమైంది.
పేజీ ఇవతల నుంచి కూడా
తిరగబడి కనిపిస్తా ఉంది
ఆ మూడు వందలు.